తాళం మాస్టారి సవాలు

ఆ రోజు తాళం మాస్టారి పథకం చాలా చిన్నది. పొద్దున సెమినార్ చెప్పి నాలుగు చప్పట్లు కొట్టించుకోవాలి. మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్ళి, ఉద్యోగం పర్మనెంట్ చేసే కాగితం మీద సంతకం పెట్టించుకోవాలి. ఏళ్ళ తరబడి తాత్కాలికం అన్న మాటను వీపున మోస్తున్న మనిషికి ఇంతకన్నా పెద్ద కోరికలుండవు.

తాళం మాస్టారు అన్నది పిల్లలు పెట్టిన పేరు. కంప్యూటర్లు చెప్పే ఆ లెక్చరర్ ఫోన్‌కి తాళం, ఫోన్‌లోని ప్రతి ఫోటోకీ తాళం, లాప్‌టాప్ కెమెరా మీద బ్యాండేజీ ముక్క. ఫోన్ నంబరు మీకెందుకని ఇంటి ఓనర్‌ని నిలదీసి, చేతికొచ్చిన అద్దె ఇంటిని పోగొట్టుకున్న ఘనుడు. ఆన్‌లైన్ గోప్యత మీద సెమినార్ అనగానే ఆయన పేరు తప్ప ఎవరి పేరూ ఎవరికీ తట్టలేదు.

హాలు నిండింది. చివరి వరసలో ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని కూర్చున్నారు. అది ఆయన అలవాటు. ఆయనకు ఇంకో పట్టుదల కూడా ఉంది. పక్క కాలేజీ గేటు తొక్కినవాళ్ళను క్షమించరు. అక్కడ ఇంటర్వ్యూకి వెళ్ళినందుకు లైబ్రేరియన్‌ని ఉన్నపళంగా ఉద్యోగంలోంచి సాగనంపారు. ఈ సంగతి తలచుకుంటే మాస్టారికి ఇప్పటికీ భయమే. ఎందుకంటే పోయిన నెల ఆయన కూడా పంటినొప్పి అని సెలవు చీటీ రాసిచ్చి ఆ గేటే తొక్కి వచ్చారు. ఆ వేళ ప్రిన్సిపాల్ గారు బోర్డు మీటింగని ఎటో వెళ్ళడం అదృష్టం. ఆ ఉద్యోగం రాలేదు, గుట్టూ బయటపడలేదు.

ఈ సెమినార్ నుంచి మీరేం ఆశిస్తున్నారని మాస్టారు పిల్లల్ని అడిగారు. మెసేజ్ చదివి కూడా జవాబివ్వనివాళ్ళను పట్టుకోవడమెలాగో చెప్పమన్నాడొకడు. నాన్నకు తెలియకుండా ఫోన్ దాచుకోవడమెలాగన్నాడు ఇంకొకడు. మూడోవాడు హాల్లో ఏసీ ఉంటుందని వచ్చానని నిజం ఒప్పుకున్నాడు. చివరికి ముందు బెంచీ అమ్మాయి లేచింది.

"దాచుకోండి దాచుకోండి అని అందరూ చెప్తారు సార్. నిజంగా దాచుకున్న మనిషిని ఒక్కర్నయినా చూపిస్తారేమోనని వచ్చాను."

మాస్టారి ఛాతీ ఉప్పొంగింది. అక్కడే ఆయన కొంప మునిగింది.

"నన్ను చూడండి. నా గురించి ఆన్‌లైన్‌లో ఒక్క సంగతి పట్టుకోండి, సెమిస్టరంతా అందరికీ ఫుల్ అటెండెన్స్" అన్నారు.

అటెండెన్స్ అన్న మాట వినగానే ఏసీ కోసం వచ్చినవాడు కూడా నిటారుగా కూర్చున్నాడు. కాసేపు హాలంతా వేళ్ళ చప్పుడే. తర్వాత ముందు బెంచీ అమ్మాయి తన ఫోన్‌ని ప్రొజెక్టర్‌కి కలిపింది. కాలేజీ పేజీలో సెమినార్ పోస్టర్ కింద ఎవరో పెద్దావిడ కామెంట్ పెట్టింది: "ఈ మాస్టారు మా అబ్బాయే. చాలా బాగా చెప్తాడు."

మాస్టారు తెర దగ్గరికి వెళ్ళి మళ్ళీ చదివారు. అమ్మకు అసలు ఖాతా ఉందన్న సంగతే ఆయనకు తెలియదు.

ఆ అమ్మ పేజీకి తాళం లేదు, గొళ్ళెం కూడా లేదు. జుట్టు కత్తిరిస్తుంటే ఏడుస్తున్న మాస్టారు. పళ్ళు ఊడిన మాస్టారు. మొదటి బడి పేరు, పెంచిన కుక్క పేరు, ఆ కుక్క పోతే ఎన్ని రోజులు అన్నం మానేశాడో ఆ వివరం. పాస్‌వర్డ్ మర్చిపోతే అడిగే ప్రశ్నలన్నిటికీ జవాబులు ఆవిడ ఏటేటా పుట్టినరోజు శుభాకాంక్షల్లో రాసి పెట్టింది. హాలు ఘొల్లుమంది. మాస్టారు ఇక ఆపుదామనేలోగా వెనక నుంచి చప్పట్లు వినిపించాయి.

"భలే ప్లాన్ చేశారండీ. సొంత గుట్టే విప్పి చూపించడం మాటలు కాదు. కానివ్వండి" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

మాస్టారికి అప్పుడు చప్పున వెలిగింది. ఇంటర్వ్యూ రోజున కొత్త చొక్కా ఎలా ఉందో చూపించమని అమ్మ అడిగితే, అక్కడి హాల్లోంచే ఫోటో తీసి పంపించారు. మంచినీళ్ళని చెప్పి వరండాలోకి పరుగెత్తి ఫోన్ చేశారు.

"అమ్మా, ఇంటర్వ్యూ ఫోటో ఏమన్నా పెట్టావా?"

"పెట్టకుండా ఉంటానా నాన్నా? ఆ నీలం చొక్కాలో ఎంత బాగున్నావో."

"అది ఇప్పుడే తీసెయ్యి. బతిమాలుకుంటాను."

"అలాగే, కంగారు పడకు. ఇక్కడేదో బాణం గుర్తుంది, నొక్కేస్తున్నా."

ఆ బాణం తీసేసేది కాదు, పంచేది. మాస్టారు హాల్లో అడుగుపెట్టేసరికి ఆ ఫోటో కాలేజీ పేజీ నెత్తి మీద కూర్చుంది. "ఇప్పుడే కొత్తది వచ్చింది సార్" అంటూ అమ్మాయి తెర మీదికి తెచ్చింది. కింద అమ్మ రాత: "మావాడు ఇంకో కాలేజీలో ఇంటర్వ్యూకి వెళ్ళాడు. పాపం, పంటినొప్పి అని చెప్పి సెలవు పెట్టాల్సి వచ్చింది. అందరూ దీవించండి."

ఎవరూ నవ్వలేదు. మాస్టారి కళ్ళముందు ఉద్యోగం, దాన్ని నమ్ముకుని ఈమధ్యే అద్దెకు తీసుకున్న కొత్త ఇల్లు, రెండూ గిర్రున తిరిగాయి. ప్రిన్సిపాల్ గారు మెల్లగా లేచి తెర దగ్గరికి వచ్చారు. ఆయన ముఖం ఎర్రబడింది.

"పెద్దది చెయ్యమ్మా" అన్నారు.

అమ్మాయి పెద్దది చేసింది. నీలం చొక్కా తెరంతా నిండింది. ఆ భుజం మీదుగా, వెనక వరస కుర్చీలో, ఇంటర్వ్యూకి పిలుపు రాక విసిగిపోయిన పెద్దమనిషి ఒకరు నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఒళ్ళో ఫైలు ఉంది. కళ్ళజోడు నుదుటి మీద ఉంది.

ప్రిన్సిపాల్ గారి చెయ్యి దానంతటదే నుదుటి మీది కళ్ళజోడుని ముక్కు మీదికి లాగింది.

"సార్, వెనకాల ఉన్నది..." అంది ముందు బెంచీ అమ్మాయి.

"ప్రొజెక్టర్ ఆపండి. ఇవాళ్టికి పాఠం చాలు. అందరికీ అటెండెన్స్ ఇచ్చేస్తారు" అని ప్రిన్సిపాల్ గారు గబగబా బయటికి నడిచారు.

మధ్యాహ్నం మాస్టారు తన గదిలోకి రాగానే ప్రిన్సిపాల్ గారు అడిగారు:

"పన్ను ఎలా ఉంది?"

"తగ్గిపోయింది సార్. మీ బోర్డు మీటింగు?"

"తేలలేదు" అని, ఆయన కాగితాన్ని దగ్గరికి లాక్కుని సంతకం పెట్టారు. లైబ్రేరియన్‌ని కూడా మళ్ళీ ఉద్యోగంలోకి రమ్మని కబురు పెట్టిస్తానని, అడగకుండానే అన్నారు. మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని, పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారిగా వదిలారు. తర్వాత అమ్మకు ఫోన్ చేసి ఉద్యోగం పర్మనెంట్ అయిందని చెప్పారు. ఈ సంగతి మాత్రం ఎక్కడా పెట్టొద్దని బతిమాలారు. ఆవిడ ఒట్టేసింది.

సాయంత్రానికి ఆ కబురు కూడా అమ్మ పేజీలో ఉంది, మొదటి లైక్ ప్రిన్సిపాల్ గారి అమ్మగారిది.