కాలువ గట్టుకు పట్టిన అభివృద్ధి

ఇంతవరకు ఏ మంత్రికీ రాని ఆలోచన తనకు వచ్చిందని రవాణా మంత్రిగారు విలేకరుల సమావేశంలో గంభీరంగా ప్రకటించారు. కాలువ గట్టు వెంబడి, పొలాల మధ్య నుంచి, ఒక్క మోటారు బండి కూడా కనపడని సైకిల్ మార్గాన్ని ప్రజలకు అంకితం చేయబోతున్నామన్నారు. పథకం పేరు 'ప్రశాంత పథం'. ఆ పేరు కూడా ఆయనకే తట్టింది.

వెనక వరసలోంచి ఒక విలేకరి లేచాడు. "ఆ గట్టు మీద ఇప్పుడు కూడా బండ్లు తిరగవు కదండీ?"

"తిరగవు," అని మంత్రిగారు వెంటనే ఒప్పుకున్నారు. నిజం ఒప్పుకోవడానికి ఆయన ఎప్పుడూ మొహమాటపడరు. "కానీ అది గత ప్రభుత్వాల నిర్లక్ష్యం వల్ల తిరగకపోవడం. మేం ప్రణాళికాబద్ధంగా తిరగకుండా చేస్తాం."

విలేకరులు బుద్ధిగా రాసుకున్నారు. మంత్రిగారి కుర్చీ వెనక ఫైళ్ళు పట్టుకుని నిలబడ్డ పీఏ మాత్రం అది తను రోజూ తిరిగే గట్టేనని గుర్తుపట్టాడు.

తప్పు అతనిదే. ముందురోజు సాయంత్రం హైవే మీద కారు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఏమీ తోచక మంత్రిగారు వెనక్కి వాలి అడిగారు.

"రోజంతా నాతోనే తిరుగుతావు, మర్నాడు పొద్దున్నకి కడిగిన ముత్యంలా తయారవుతావు. ఏం మందు వాడుతున్నావయ్యా?"

పీఏ పొంగిపోయాడు. మంత్రిగారు అతని సొంత సంగతి అడగడం అదే మొదటిసారి.

"మందేం లేదండీ. పొద్దున్నే మా ఆవిడా నేనూ కాలువ గట్టు మీద సైకిళ్ళు తొక్కుతాం. ఒక్క బండి రాదు, ఒక్క హారన్ వినపడదు. ప్రాణం లేచొస్తుందండీ."

మంత్రిగారు "ఊఁ" అని కిటికీలోంచి బయటికి చూస్తూ ఊరుకున్నారు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. ఊరుకున్నప్పుడే భయపడాలి. ఆ సంగతి బాగా తెలిసిన పీఏ, పొంగిపోయిన ఆ ఒక్క నిమిషం మరిచిపోయాడు.

"ఆ మాట ఆయనతో ఎందుకన్నారు?" అంది భార్య, టీవీలో పథకం వార్త చూశాక. ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు.

"నోరు జారింది."

"ఇంకేమేం జారింది? మనింట్లో దోమలు లేవని కూడా చెప్పారా?"

పీఏ నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆవిడకు షిఫ్టులు, అతనికి మంత్రిగారు. ఇద్దరికీ కలిసి దొరికేది పొద్దుటి ఆ ఒక్క గంటే. ఇంట్లో మాటలన్నీ గ్యాస్ బండ గురించీ, కారే కుళాయి గురించీ. గట్టు మీద అవేవీ గుర్తుండేవి కావు. వార్డులో రోగులు చెప్పిన కబుర్లు ఆవిడ చెప్పేది. మంత్రిగారు ఫోన్లో పెద్ద నాయకుడితో ఎలా వంగి మాట్లాడతారో అతను సైకిల్ మీదే వంగి చూపించేవాడు. తుంగలోంచి కొంగలు లేచేవి. తూము దాటాక బాట ఏటవాలుగా దిగే చోట ఇద్దరూ కాళ్ళు పెడల్స్ మీంచి తీసేసి, వయసు మరిచిపోయి కేకలు పెట్టేవాళ్ళు.

సమీక్షా సమావేశంలో చీఫ్ ఇంజనీర్ బల్ల నిండా మ్యాపు పరిచాడు.

"మార్గం వెయ్యాలంటే కంకర రావాలి సార్. కంకర రావాలంటే లారీలు రావాలి. లారీలు రావాలంటే గట్టు వెడల్పు చెయ్యాలి."

"చెయ్యండి."

"గట్టు మీద చెట్లున్నాయి సార్."

"తొక్కేవాళ్ళకి నీడ ఉండొద్దూ?" అన్నారు మంత్రిగారు. ప్రజల సౌకర్యం ఆయనకు ఎప్పుడూ ముందే గుర్తొస్తుంది.

"చెట్లు కొట్టేశాక నీడ కోసం రేకుల షెడ్లు వేస్తాం సార్."

"ఆకుపచ్చ రంగు వేయించండి. పర్యావరణం ముఖ్యం."

పీఏ గొంతు సవరించుకున్నాడు. "సార్, నాదొక మాట. మట్టిబాటని ఉన్నదున్నట్టు వదిలేసి, మొదట్లో ఒక బోర్డు పెడితే..."

పెళ్ళివారి ముందు తుమ్మినవాణ్ణి చూసినట్టు చీఫ్ ఇంజనీర్ అతన్ని చూశాడు.

"ఉన్నదున్నట్టు వదిలేస్తే, మనం ఉన్నట్టు ఎలా తెలుస్తుందయ్యా?" అన్నారు మంత్రిగారు, ఎంతో ఓపికగా.

ఆ వాక్యాన్ని తర్వాత శాఖవారి క్యాలెండర్ మీద అచ్చు వేయించారు.

ఆపైన పని చకచకా సాగింది. సైకిల్ తొక్కడానికి నగరం నుంచి వచ్చేవాళ్ళు సైకిళ్ళను కార్ల మీద వేసుకుని వస్తారు కాబట్టి కార్లు నిలపడానికి చోటు కావాలి. ప్రజల్ని దూరం నుంచి నడిపించడం ప్రజాస్వామ్యం కాదు కాబట్టి ఆ చోటు గట్టు మీదే ఉండాలి. కార్లు అక్కడిదాకా వెళ్ళాలి కాబట్టి నాలుగు వరసల తారు రోడ్డు పడింది. సైకిళ్ళను మాత్రం ఎవరూ మరిచిపోలేదు. వాటికోసం ఒక తెల్లగీత గీశారు. గీతకు ఇవతల కార్లు, అవతల కాలువ.

ప్రారంభోత్సవం దగ్గరపడ్డాక ఒక చిన్న ఇబ్బంది బయటపడింది. మంత్రిగారికి సైకిల్ తొక్కడం రాదు.

బంగళా హాల్లో సోఫాలు గోడకు జరిపి, తలుపులు మూసి, శిక్షణ మొదలుపెట్టారు.

"వెనక పట్టుకున్నావా?"

"పట్టుకున్నానండీ."

"వదలొద్దు."

"వదలనండీ."

"వదిలేశావా?"

"లేదండీ. తమరింకా ఎక్కలేదు."

ఎక్కారు. మూడు పార్టీలు మారినా ఎక్కడా పడని మనిషి, పూలకుండీ మీద పడ్డారు. పీఏ లేవదీయబోతే చేత్తో వారించారు.

"పడలేదు. దిగాను."

దారి చీఫ్ ఇంజనీరే చూపించాడు. చుట్టూ పలకల్లేని లారీ మీద సైకిల్ని నిలబెట్టి బోల్టులతో బిగిస్తే సరిపోతుందన్నాడు. మంత్రిగారు పైన తొక్కుతూ ఉంటారు, లారీ కింద పోతూ ఉంటుంది. తొక్కడం ఆయనది, కదలడం ప్రభుత్వానిది. బోల్టులు ఎంత గట్టివైనా సరే, వెనక సీటు పీఏనే పట్టుకోవాలని మంత్రిగారు పట్టుబట్టారు.

ప్రారంభం నాడు ముందు పైలట్ కార్లు, వెనక అనుచరుల కార్లు, వాటి వెనక టీవీ వాళ్ళ వ్యాన్లు, అన్నిటికీ వెనక అంబులెన్సు. వాహనాలు లేని మార్గాన్ని అన్ని వాహనాలు కలిసి ఘనంగా ప్రారంభించడానికి బారులు తీరాయి. లారీ మీద సీటు పట్టుకుని నిలబడ్డ పీఏకి, జనాన్ని ఆపడానికి తాడు కట్టిన చోట సైకిల్ పట్టుకుని నిలబడ్డ భార్య కనపడింది. పోలీసు అధికారి ఆవిడతో మాట్లాడుతున్నాడు.

"ఇవాళ సైకిళ్ళు రాకూడదమ్మా. సెక్యూరిటీ. సైకిల్ మార్గం ప్రారంభం ఉంది."

"అందుకే సైకిల్ తెచ్చాను."

"పొద్దుట్నించీ అందరూ ఇదే మాట చెబుతున్నారమ్మా," అన్నాడాయన విసుగ్గా.

ఆవిడ తలెత్తి భర్తను చూసింది. ఒక్క మాటైనా అంటే బాగుండుననిపించింది పీఏకి. ఆవిడ సైకిల్ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయింది. లారీ కదిలింది. మంత్రిగారు ఒక చెయ్యి ఊపుతూ గాల్లో పెడల్స్ తిప్పుతున్నారు. ఈ సీటు వదిలేస్తే ఏమవుతుందా అని పీఏ ఉద్యోగంలో మొదటిసారి ఆలోచించాడు. ఏమీ కాదు. బోల్టులున్నాయి.

ప్రశాంత పథం మొదట్లో 'వాహనాలకు ప్రవేశం లేదు' అని పెద్ద బోర్డు పెట్టారు. దాని కింద ప్రజాప్రతినిధుల వాహనాలకు మినహాయింపు రాశారు. వారంలో అధికారులకూ, ఆ తర్వాత ఆ రెండు వర్గాల బంధువులకూ, ఆ తర్వాత అర్జంటు పని ఉన్నవారికీ మినహాయింపు వచ్చింది. ఆ చివరి మాట చదివి వెనక్కి తిరిగిన డ్రైవరు ఒక్కడూ లేడు. హైవే మీద సిగ్నళ్ళున్నాయి, గట్టు మీద లేవు. లారీలు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ఒక సైకిల్ మనిషి కాలువలో పడ్డాక ప్రభుత్వం ఉదాసీనంగా ఊరుకోలేదు. ప్రజల ప్రాణాలు విలువైనవి కాబట్టి ప్రశాంత పథం మీద సైకిళ్ళను నిషేధించింది.

పీఏ ఇంట్లో రెండు సైకిళ్ళూ వరండా గోడకు ఆనుకుని దుమ్ము పట్టాయి. భార్య అతన్ని ఏమీ అనేది కాదు. కుళాయి కారుతోందనేది, అతను మనిషిని పంపిస్తాననేవాడు. ఒకే ఇంట్లో అద్దెకున్న ఇద్దరు మర్యాదస్తుల్లా తిరుగుతున్నారు. అంతకంటే నాలుగు తిడితే నయమనుకున్నాడతను.

ఒక పొద్దున్న ఆవిడే దుప్పటి లాగింది. "లేవండి. సైకిళ్ళకి గాలి కొట్టాను."

"ఎక్కడికి?"

"చెబితే మళ్ళీ ఎవరితోనో అంటారు. రండి."

ఆవిడ వెనకే తొక్కుకుంటూ వెళ్ళి, మలుపు తిరిగి, పీఏ బ్రేకు వేశాడు. హైవే. ఆరు వరసల హైవే, కనుచూపు మేర ఒక్క బండి లేదు. సిగ్నల్ ఎర్రగా వెలిగింది. ఇద్దరూ బుద్ధిగా ఆగారు. ఎటునుంచీ ఎవరూ రాలేదు. పచ్చగా వెలిగింది. ఇద్దరూ కదిలారు. ఆవిడ రాత్రి వార్డులో జరిగిన కథ ఒకటి మొదలుపెట్టింది. అతను ఫ్లైఓవర్ దిగుతూ రెండు కాళ్ళూ చాపి కేక పెట్టాడు.

ఫోన్ మోగింది. మంత్రిగారు. వెనక హారన్లు చెవులు పగిలేలా మోగుతున్నాయి.

"ప్రశాంత పథం మీద గంట నించీ ఇరుక్కుపోయానయ్యా. ముందుకీ లేదు, వెనక్కీ లేదు." ఆ గొంతులో కోపం లేదు, గర్వం ఉంది. "ఏం జనాదరణ! ఒక్కడు కూడా ఈ రోడ్డు వదిలి పోవడం లేదంటే చూసుకో. ఇంతకీ నువ్వెక్కడ?"

పీఏ ముందున్న ఖాళీ రోడ్డును చూశాడు. పక్కన భార్యను చూశాడు.

"నేనూ ట్రాఫిక్‌లోనే ఇరుక్కున్నానండీ."

"మరి హారన్లు వినపడవేం?"

భార్య సైకిల్ దగ్గరకు జరిపి, ఫోన్ మీదికి వంగి, గొంతు చించుకుని "పాఁ...ప్! పాఁ...ప్!" అంది.

"లారీయా?" అన్నారు మంత్రిగారు.

"అవునండీ. చాలా పెద్ద లారీ," అన్నాడు పీఏ.

లారీ అతన్ని కొరకొరా చూసి, పెడల్ గట్టిగా తొక్కి, ఓవర్‌టేక్ చేసి వెళ్ళిపోయింది.