ముగ్గురు ముద్దాయిలు, ఒక నర్సింగ్ ఫారం

“ఈ జిల్లాలో నేరం ఇంకా బతికుందంటే అది నా దయ! నేను పూనుకోనంతసేపే దానికి ఆయుష్షు!”

కోట ఊళ్లో బస్టాండు ఎదుట ఉన్న నెట్ సెంటర్ గుమ్మంలో నిలబడి ఈ మాట ప్రకటించినవాడు డిటెక్టివ్ పెంచలయ్య. వృత్తి రొయ్యల మేత అమ్మే ఏజెంటు. డిటెక్టివ్ అన్న బిరుదు తనకు తానే ఇచ్చుకుని, విజిటింగ్ కార్డులో మేత కంపెనీ పేరు కన్నా పెద్ద అక్షరాల్లో కొట్టించుకున్నాడు. ఇంతవరకు ఒక్క కేసూ తేల్చలేదు. ఆ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు.

సెంటర్ నడిపే జీవానందం ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. మామూలు రోజైతే ఈ మాటలకు కాస్త నవ్వి ఊరుకునేవాడు. ఈరోజు నవ్వు రాలేదు. గడియారంలో నాలుగూ పది. నర్సింగ్ కాలేజీ దరఖాస్తుల గడువు ఐదింటికి ముగుస్తుంది.

కంప్యూటర్ ముందు విజయకుమారి కూర్చుని ఉంది. వెనక బెంచీ మీద ఆమె తల్లి నాగులమ్మ. వాకాడు దగ్గర పల్లెలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి. కావలసిన సర్టిఫికెట్టు నిన్న సాయంత్రమే చేతికొచ్చింది. ఈ గడువు దాటితే మళ్లీ ఏడాది దాకా ఫారం లేదు. పిల్ల ఇక రొయ్యల షెడ్డులో తలలు తుంచే పనికి పోవాలి.

మార్కులు, ఫోటో, సంతకం అన్నీ ఎక్కాయి. చివరగా ‘సమర్పించు’ అన్న మీట మీదికి బాణం వెళ్లేసరికి తెర మూల నుంచి ఒక పెట్టె లేచి దాన్ని కప్పేస్తోంది. ‘మీ కంప్యూటర్‌లో పదిహేడు వైరస్‌లు!’ దాన్ని మూస్తే ‘మోకాళ్ల నొప్పులా?’ అదీ మూస్తే ‘మీకు లాటరీ తగిలింది!’

మెకానిక్‌కు ఫోన్ చేస్తే నెల్లూరులో ఉన్నాడు. జిరాక్సు కోసం వచ్చిన పెంచలయ్య మాత్రం ఇక్కడే ఉన్నాడు. అదీ జీవానందం ఖర్మ.

“ఇది మామూలు ప్రకటన కాదు జీవా. అంతర్జాతీయ కుట్ర!” అన్నాడు పెంచలయ్య, చదువుకునే కళ్లజోడు మడిచి భూతద్దంలా పట్టుకుని. “ఈ పాప నర్సు కాకూడదని ఎవరో కంకణం కట్టుకున్నారు. ఈ మిషన్లో బ్రౌజర్లు ఎన్నుండాయి?”

“మూడు. రాకెట్టు, కవచం, లంగరు. మూడూ ఉచితమే.”

“ఉచితమా? ఆహా! ఉచితంగా పనిచేసేవాణ్ని మొదట అనుమానించాలి. మూడింటినీ బోనులో నిలబెట్టు!”

“నువ్వు కూడా ఉచితంగానే గదా అన్నా చేసేది?” అంది నాగులమ్మ బెంచీ మీంచి.

పెంచలయ్య ఆ మాట విననట్టే నోటుపుస్తకం తీశాడు. భద్రత, నిలకడ, ప్రకటనలు అని మూడు గళ్లు గీశాడు. మొదట లంగరు తెరిపించాడు. ప్రకటన ఒక్కటి రాలేదు. విజయకుమారి ముఖం వెలిగింది. తీరా ఫోటో ఎక్కించగానే అది టప్పున మూసుకుపోయింది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూసుకుపోయింది.

“పేరు లంగరు, నిలబడేది లేదు,” అని నిట్టూర్చాడు జీవానందం.

తర్వాత కవచం. పాపం, అది ప్రకటనలను గుమ్మం తొక్కనివ్వలేదు. ఆ ఊపులో ఓటీపీ రాయాల్సిన పెట్టెను కూడా ప్రకటన అనుకుని ఆపేసింది.

“నిజాయితీపరుడే గానీ మూర్ఖుడు,” అని రాసుకున్నాడు పెంచలయ్య. “సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌కి పనికొస్తాడు.”

“పెంచలయ్యా, నాలుగున్నరయింది!”

“ఓపిక పట్టు. చెరువులో దించే చెక్‌ట్రేలో మేత వేసి, పైకెత్తి చూస్తే రొయ్య తిన్నదీ లేనిదీ తెలిసిపోతాది గదా? ఈడా మేత వేస్తా.” మొదటి నుంచీ ఫారం తెరిచి ఉన్న రాకెట్టులో ‘రొయ్యలకు తెల్లమచ్చ తెగులు’ అని టైపు చేశాడు. తెర నిండా విగ్గుల ప్రకటనలు వచ్చి పడ్డాయి. పెంచలయ్య కళ్లు మెరిశాయి. “దొరికినాడు! నేరస్థుడు బట్టతలవాడు!”

జీవానందం చెయ్యి తనకు తెలియకుండానే నడినెత్తి మీదికి పోయింది. మొన్న మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు విగ్గులు వెతికింది ఆయనే. ఒప్పుకుందామంటే ఆడవాళ్ల ముందు నోరు రాలేదు.

“అంకుల్, ఇరవై నిమిషాలే ఉండాయి,” అంది విజయకుమారి. జీవానందం గడియారం వంక చూశాడు. ప్రభువా, ఈ పిల్లకు నా సెంటర్లోనే కావాలా ఇది, అనుకున్నాడు.

పెంచలయ్య తెర మీద సెట్టింగుల పళ్లచక్రం గుర్తు దగ్గర ఆగాడు. “ఇది అనుమానాస్పదంగా తిరగతా ఉంది,” అని నొక్కాడు. అది తిరగడం లేదు. నొక్కుతూ పోతే ఏదో పొడుగాటి జాబితా వచ్చింది. ఇంకోచోట నొక్కితే దాని మీద ఒక ప్రశ్న లేచింది: ‘అనుమతులన్నీ తొలగించాలా?’

“ఎవరూ ముట్టుకోవద్దు! ఇది ఉచ్చు! ముందు వేలిముద్రలు తీయాలి.”

సంచిలోంచి చెరువుల్లో చల్లే మినరల్ పౌడరు శాంపిల్ ప్యాకెట్టు తీసి, చింపి, కీబోర్డు మీద దులిపాడు. వేలిముద్రల కోసం ముఖం ఆనించినంత దగ్గరగా వంగాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. పొడి లేచింది.

“హా... హాఛ్!”

ఆ తుమ్ముకు పెంచలయ్య ముక్కు పోయి ఎంటర్ మీట మీద పడింది. తెర మీద జాబితా మొత్తం ఖాళీ అయింది.

“చంపినావు గదరా!” అని కేక పెట్టాడు జీవానందం.

విజయకుమారి మాత్రం ఫారం పేజీకి వెళ్లి చూసింది. మూలన ఏ పెట్టే లేదు. వైరస్‌లు లేవు, మోకాళ్లు లేవు, లాటరీ లేదు. ‘సమర్పించు’ నొక్కింది. నాలుగూ యాభై రెండుకు రసీదు వచ్చింది. ప్రింటరు దాన్ని బయటికి తోసింది.

“కేసు ఛేదించబడింది!” అన్నాడు పెంచలయ్య తెల్లటి ముక్కుతో.

“ఇంతకీ దొంగెవరు అన్నా?” అని అడిగింది నాగులమ్మ రసీదును రెండు చేతులా పట్టుకుని.

పెంచలయ్య నోటుపుస్తకంలో గళ్లు తిరగేశాడు. విజయకుమారి నెమ్మదిగా చెప్పింది. “ఆ జాబితా చూసినా అంకుల్. అరవై మూడు సైట్లు. ఇట్టా పెట్టెల్లో కబుర్లు, అదే నోటిఫికేషన్లు, పంపేదానికి అన్నిటికీ ఈ మిషన్లో ఎవరో సరేనన్నారు.”

జీవానందం తల వంచుకున్నాడు. “నేనేనమ్మా. పంపమంటారా అని మర్యాదగా అడగతాయి. అడిగినోళ్లని కాదనలేక సరే అని నొక్కతా వచ్చినా. నా మెతకదనానికి నీ చదువు పోయుండేది.”

ఆయనకు నిజంగానే సిగ్గేసింది. నాగులమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని నవ్వింది.

“పొద్దుటి నించి మూడు సెంటర్లు తిరిగినాం జీవానందన్నా. ఆఖరి రోజు, మా వల్ల గాదు పొమ్మన్నారు. ఎవరేమడిగినా నువ్వు కాదనవని బస్టాండులో చెబితేనే ఈడికొచ్చినాం.”

జీవానందం కీబోర్డు మీద పొడి తుడవసాగాడు. పెంచలయ్య గంభీరంగా నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పాడు.

“ఆ మూడు సెంటర్ల అడ్రసులు చెప్పమ్మా. నేరం జరిగింది ఆడ.”