అప్‌డేట్ వచ్చేదాకా దావత్ లేదు

కోదాడ పట్టణ ప్రజలకు, ముఖ్యంగా మా కాలేజీ సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, నా కొత్త కారుకు నా ఫోను కలిసింది. ఇందుకు ఆరు నెలల పంతొమ్మిది రోజులు పట్టింది. ఈ మహత్కార్యానికి సహకరించిన వారందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకోవడం నా ధర్మం. సహకరించనివి కూడా కొన్ని ఉన్నాయి. వాటిలో మొదటిది మా అత్తమ్మ కుడికన్ను. దాని సంగతి తర్వాత వస్తుంది.

ముందు నా గురించి. పేరు ఇన్నయ్య. కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ విభాగానికి అధిపతిని. ఒక యంత్రం ఇంకో యంత్రంతో ఎట్లా మాట్లాడుతుందో పద్దెనిమిదేళ్లుగా పిల్లలకు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతున్నాను. ఆ బొమ్మలో రెండు డబ్బాలు, వాటి మధ్య ఒక బాణం ఉంటాయి. బాణం ఏ రోజూ దారి తప్పలేదు. తప్పితే ఏం చేయాలన్నది సిలబస్‌లో లేదు కాబట్టి నేనూ చదువుకోలేదు, పిల్లలూ అడగలేదు.

సూర్యాపేట షోరూములో కారు చూసిన రోజు నేను ఇంజను గురించి అడగలేదు, మైలేజీ అడగలేదు, బ్రేకులు ఉన్నాయని నమ్మాను. తెర ఎంత ఉంటుందని అడిగాను. పదింపావు అంగుళాలు అన్నారు. అందులో నా ఫోను కనిపిస్తుందా అని అడిగాను. కార్తీక్ అనే అమ్మకాల అధికారి తప్పకుండా కనిపిస్తదన్నాడు. కరపత్రంలో కూడా అదే రాసి ఉంది. పక్కన ఒక చిన్న చుక్క, పేజీ అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో 'త్వరలో' అన్న మాట ఉన్నాయి. అది నేను చూడలేదు. చూసినా ఆగేవాణ్ణి కాదు. త్వరలో అన్న ఒక్క మాట మీద మనం రోడ్లు, కాలువలు, ఆస్పత్రులు అన్నీ నడుపుకుంటున్నాం, ఒక కారు నడవదా అనుకునేవాణ్ణి.

కారు ఇంటికొచ్చింది. ఫాదర్ గారు వచ్చి ప్రార్థన చేసి పవిత్ర జలం చల్లారు. ఎందుకైనా మంచిదని పక్కింటివాళ్లు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి గుమ్మడికాయ కొట్టారు. నేను రెంటికీ దండం పెట్టాను. అన్ని దిక్కుల నుంచీ రక్షణ దొరికాక తెర వెలిగించి చూస్తే అందులో కంపెనీ గుర్తు, గడియారం తప్ప ఇంకేమీ లేవు. కార్తీక్‌కు ఫోన్ చేశాను. ఫోనుకు సంబంధించినవన్నీ అప్‌డేట్‌లో వస్తాయని, అప్‌డేట్ సర్వర్‌లో ఉందని, సర్వర్ నుంచి వచ్చే వారం బయలుదేరుతుందని చెప్పాడు.

మన దిక్కు కారు కొన్నవాడు బెయిలు మీద ఉన్న ముద్దాయిలాంటివాడు. దావత్ ఇచ్చేదాకా ఎవరూ వదలరు. మరుసటి రోజే స్టాఫ్ రూములో మెకానికల్ లెక్చరర్ సంపత్ నా ముందు కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. నాకు ఆ క్షణంలో ఏ దయ్యం పట్టిందో కాని లేచి నిలబడి ప్రకటన చేశాను. ఫోను కారు తెర మీద కనిపించిన రోజే దావత్ అని, అందరం ఇదే కార్లో, తెర మీద మ్యాపు పెట్టుకొని, సూర్యాపేట రోడ్డు మీది ధాబాకు పోదామని చెప్పాను. చప్పట్లు కొట్టారు. పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో నా మాటకు చప్పట్లు రావడం అదే మొదటిసారి.

అంత మాట అన్నాక ఫోను కలవకముందే కారు తీసి తిరిగితే పరువేం కాను. కూరగాయలకు పోయినా ఎవడో ఒకడు లోపలికి తొంగిచూస్తాడు. వాడికి గడియారం కనిపిస్తుంది. అందుకని కారు మీద కవరు కప్పి ఇంటి ముందు నిలిపి, కాలేజీకి పాత స్కూటరు మీదే పోయాను. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే కవరు ఎత్తి, కార్లో కూర్చుని, ఫోనును తెర ముందు పట్టుకునేవాణ్ణి. అలిగిన తోడల్లుళ్లను ఎదురెదురుగా కూర్చోబెట్టినట్టు ఉండేది. పావుగంట చూసి, సీటు మీది పాలిథిన్ కాగితం చిరగకుండా మెల్లగా దిగి, మళ్లీ కవరు కప్పేవాణ్ణి.

జులై గడిచేసరికి ఇది నా ఒక్కడి సమస్యగా ఉండలేదు. కాలేజీలో 'అప్‌డేట్ సాధన కమిటీ' ఏర్పడింది. సంపత్ కన్వీనర్, ఇంగ్లీషు లెక్చరర్ ఉషారాణి కార్యదర్శి, ప్రిన్సిపాల్ గారు గౌరవ సలహాదారు. ప్రతి గురువారం టీ వేళ సమావేశం జరిగేది. అప్‌డేట్ రానందుకు తీవ్ర విచారం వ్యక్తం చేస్తూ తీర్మానం చేసి, మినిట్స్ పుస్తకంలో అందరూ సంతకాలు పెట్టేవారు. మా కాలేజీలో క్రమం తప్పకుండా జరిగిన సమావేశం అదొక్కటే.

సెప్టెంబరులో కమిటీ ప్రతినిధి బృందంగా సూర్యాపేట వెళ్లింది. బస్సులో వెళ్లాం. షోరూము మేనేజరు మమ్మల్ని ఏసీ గదిలో కూర్చోబెట్టి టీ ఇప్పించి, నిలబడి ప్రసంగించాడు. "మీరు కొన్నది కారు కాదు సార్. అది ఒక ప్రయాణం. ఆ ప్రయాణంలో మీతో పాటు మేమూ ఉన్నాం. కస్టమర్ సహనమే మా కంపెనీకి ఇంధనం" అన్నాడు. ఉషారాణి ఆ మాటలు మినిట్స్‌లోకి ఎక్కించింది. ప్రయాణం ఇంకా మొదలు కాలేదన్న సంగతి బస్సులో తిరిగి వస్తుండగా గాని మాకు తట్టలేదు.

ఇప్పుడు అత్తమ్మ సంగతి. ఆమె పేరు అన్నమ్మ, ఊరు మఠంపల్లి. సున్నపురాయి క్వారీలో కూలి చేసి కూతుర్ని టీచరును చేసింది. ఆ క్వారీలోనే రాయి పెంకు తగిలి ఎడమకన్ను పోయింది. మిగిలిన కుడికంటికి శుక్లం వచ్చింది. మిర్యాలగూడ డాక్టరు ఆగస్టులో ఆపరేషన్‌కు తేదీ ఇచ్చాడు. అల్లుని కార్ల పోతున్నా అని ఆమె వాడకట్టు మొత్తానికి చెప్పుకుంది. నేను మాత్రం అప్‌డేట్ వచ్చే వారమే కదా, తేదీ జర వెనక్కి జరుపుదామన్నాను. గట్లనే కానీ బిడ్డా అంది. తేదీ అక్టోబరుకు జరిగింది. అక్టోబరులోనూ అప్‌డేట్ వచ్చే వారమే ఉంది, గట్లనే కానీ బిడ్డా అంది. పొద్దుగూకినాక కోళ్లు గూట్లోకి ఎన్ని వచ్చాయో కనబడక, వాటిని పక్కింటి లారీ డ్రైవరు ఐలన్నకు ఇచ్చేసిందని నా భార్య ప్రమీల చెప్పింది.

ప్రమీల ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక్కసారే అడిగింది. "ఇరవై రెండేండ్ల సంది పోతున్న తొవ్వకు మ్యాపు ఎందుకు? మా అమ్మ కన్ను ముఖ్యమా, నీ తెర ముఖ్యమా?" నేను ఆమెకు సాంకేతికంగా వివరించాను. దారి నాకు తెలుసు, కాని నాకు తెలుసన్న విషయం తెర మీద కనిపించాలి కదా అన్నాను. అసలు సంగతి వేరు. మఠంపల్లిలో కారు ఆగితే వాడకట్టంతా చుట్టూ చేరుతుంది. అందులో ఎవరో ఒకరు ఫోను కలవదా అని అడుగుతారు. లేదు అని చెప్పడానికి నాకు నోరు రాదు. ఈ ముక్క ప్రమీలకు చెప్పలేదు.

డిసెంబరులో డాక్టరు కచ్చితంగా చెప్పాడు. శుక్లం ముదిరిపోయిందని, ఈసారి జరిపితే చూపుకు తాను పూచీ కాదని. మంగళవారం మధ్యాహ్నం పన్నెండుకు ఆపరేషన్ పెట్టాడు. అప్‌డేట్ వచ్చినా రాకపోయినా తీసుకుపోతానని ప్రమీల చేతిలో చెయ్యేసి చెప్పాను. ఆమె ముందురోజే మఠంపల్లి వెళ్లిపోయింది. మంగళవారం పొద్దున ఏడు గంటలకు కవరు తీసి, కారు తుడిచి, ఎక్కి తాళం తిప్పాను. తెర మీద గడియారం లేదు. కొత్త సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఉంది, నలభై నిమిషాలు బండి కదపరాదు అని ఉంది.

నలభై నిమిషాలే కదా అని నొక్కాను. నలభై నిమిషాలు రెండున్నర గంటలైంది. మధ్యలో ప్రమీల ఫోన్ చేసింది. అరవై శాతం అయింది, ఇప్పుడు కదిపితే మొత్తం పోతుందని చెప్పాను. ఆమె ఫోన్ పెట్టేసింది. తొమ్మిదిన్నరకు నా ఫోను తెర మీద ప్రత్యక్షమైంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచడమెందుకు. వెంటనే ఫొటో తీసి ప్రమీలకు పంపాను, కాలేజీ గ్రూపులో పెట్టాను. ప్రమీల చూసినట్టు రెండు నీలి గీతలు పడ్డాయి. గ్రూపులో నలభై మూడు దండాలు వచ్చాయి.

అప్పుడైనా మఠంపల్లి పోవచ్చు. గంట తొవ్వ. బయలుదేరబోతుంటే కమిటీ వాకిట్లోకి వచ్చింది. ప్రిన్సిపాల్ గారు ఆ పూటకు క్షేత్ర పర్యటన మంజూరు చేశారట. తీర్మానం ప్రకారం దావత్ ఇవాళేనన్నారు. నేను లెక్క వేసుకున్నాను. వాళ్లు ఈపాటికి ఏదో ఒకటి ఎక్కే ఉంటారు, ఆపరేషన్‌కు డాక్టరు కావాలి గాని నేనెందుకు, వచ్చేటప్పుడు కార్లో దర్జాగా తీసుకొద్దాం. మనసుకు నచ్చజెప్పడంలో నాకు ఏ అప్‌డేటూ అవసరం లేదు. ముగ్గుర్నీ ఎక్కించుకున్నాను.

హైవే మీద తెరలోని మ్యాపు తిన్నగా పొమ్మంది. రోడ్డు కూడా తిన్నగానే ఉంది కాబట్టి ఇద్దరి మధ్యా భేదాభిప్రాయం రాలేదు. పెళ్లి బస్సు ఒకటి రోడ్డుకు అడ్డంగా చెడిపోయి రెండు గంటలు ఆపేయడంతో, చివరకు ధాబా చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట దాటింది. ఎవరూ దిగలేదు. కార్లోనే కూర్చుని తెరను చూస్తూ బిర్యానీ తెప్పించుకుందామని తీర్మానించారు. అప్పుడు ఫోను మోగింది. పదింపావు అంగుళాల మీద 'అత్తమ్మ' అని పడింది. తెర మీదికి వచ్చిన మొదటి కాల్ అది. అందరినీ మాట్లాడవద్దని చెయ్యెత్తి, స్టీరింగు మీది మీట బొటనవేలితో నొక్కాను. ఆరు స్పీకర్లలోంచి అత్తమ్మ గొంతు వచ్చింది.

"అల్లుడా, ఆపరేషన్ అయింది. కట్టు కట్టిన్రు. పొద్దుగాల జరసేపు నీకోసం సూసినం. ఇగ యాళ్లయితున్నదని ఐలన్న లారీ ఎక్కినం. సిమెంటు బస్తాలేస్కొని మిర్యాలగూడకే వస్తుండె, మంచిగ తీస్కొచ్చిండు. నువ్వు పరేషాన్ గాకు. నీ ఫోను కలిసిందంట గద, ప్రమీల చెప్పింది, మంచిగైంది. గీడ పక్క మంచమోళ్లు ఎట్ల వచ్చినవ్ అవ్వా అని అడిగిన్రు. అల్లుని కార్ల వచ్చిన అని చెప్పిన. ఎవరన్న అడిగితే నువ్వు గూడ గట్లనే చెప్పు బిడ్డా. ఇద్దరి మాట ఒకటే ఉండాలె."

కాల్ అయిపోయింది. ఉషారాణి కిటికీలోంచి బయటికి చూస్తోంది. సంపత్ గొంతు సవరించుకున్నాడు.

"సౌండ్ క్లారిటీ మాత్రం అదిరింది సార్. ఆమె పక్కన కూర్చొని మాట్లాడినట్టే ఉంది."

ప్రిన్సిపాల్ గారు తలూపారు. నాకు సిగ్గేసింది. ఒళ్లంతా చెమట పట్టేంత సిగ్గు. ఒంటికన్ను మనిషి, ఆ కన్నూ కట్టులో ఉన్న మనిషి, నా పరువు కోసం మంచం మీద పడుకొని అబద్ధమాడుతోంది. సిగ్గుకు ముందు ఇంకొకటి జరిగింది, అది కూడా రాయాలి. ఆమె మాట్లాడుతుండగా నా బొటనవేలు సౌండు రెండు గీతలు పెంచింది.

దావత్ ముగించి మిర్యాలగూడ పోయేసరికి వాళ్లు ఖాళీ లారీలో వెళ్లిపోయారు. ఆదివారం మఠంపల్లి పోయాను. కారు చుట్టూ వాడకట్టు చేరింది. అత్తమ్మ కట్టు విప్పారు, చూపు వచ్చింది, మూడుసార్లు కారు చుట్టూ తిరిగి తలుపులు తడిమింది. పక్కనే ఐలన్న లారీ ఆగి ఉంది. క్యాబిన్‌లో అతని ఫోను సైకిల్ ట్యూబు ముక్కతో అద్దం కిందికి కట్టి ఉంది. ఏడేళ్లుగా అట్లాగే పనిచేస్తున్నదట. అవ్వను మీ కార్లనే తీసుకపోయిన్రంట గద సార్ అని ఒకాయన అడిగాడు. ఐలన్న అక్కడే నిలబడి వింటున్నాడు. అవునన్నాను.

ఆ సిగ్గు మోయలేక, నలుగురికీ చెప్పుకుంటే తగ్గుతుందని ఇదంతా రాశాను. అచ్చుకు ఇచ్చేముందు నలుగురు మిత్రులకు చదివి వినిపించాను. నలుగురూ శ్రద్ధగా విన్నారు, అత్తమ్మ మాటల దగ్గర ఒకాయన కళ్లు కూడా తుడుచుకున్నాడు. ఆ తర్వాత నలుగురూ అడిగింది ఒకటే, ఏ మోడల్ అని. మీరూ అదే అడుగుతారని తెలుసు. టాప్ మోడలండీ.