భోజనాల బల్ల మీద మంచుయుగం

ఆ ఉదయం బురదాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిను తినాలి, మంచుయుగాన్ని ఏరి సీసాలో వేయాలి, మధ్యాహ్నానికల్లా ఆఫీసులో ఇచ్చి రావాలి. ఇందులో టిఫిను ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

ఆయనకు వేరే పేరు ఉంది గానీ వీధిలో ఎవరూ దాన్ని వాడరు. సముద్ర పరిశోధన సంస్థలో ఆయన పనంతా బురదతోనే. ఓడ మీద దూరపు చలి సముద్రాల దాకా వెళ్ళి అడుక్కి పొడవాటి గొట్టం దింపితే, పొరలు పొరలుగా బురద పైకొస్తుంది. పై పొర ఇవాళ్టిది, కిందికి పోయేకొద్దీ పాతది. ప్రతి పొరలోనూ ఇసుక రేణువంత గవ్వలుంటాయి. వాటిని యంత్రంలో కరిగించి చూస్తే, ఆ గవ్వలోని ప్రాణి బతికిన రోజుల్లో నీళ్ళు ఎంత వెచ్చగా ఉండేవో తెలుస్తుంది. ఆ గవ్వలను సూక్ష్మదర్శిని కింద పెట్టి, తడి కుంచె మొనతో ఒక్కొక్కటీ ఏరడం బురదాయన పని. ఏళ్ళ తరబడి తాత్కాలిక ఉద్యోగిగానే ఏరుతున్నాడు. ఆ వారం సమీక్ష సంఘం రాబోతోంది. మంచుయుగం పొర లెక్క తేలిస్తే ఉద్యోగం ఖాయం, లేకపోతే ఇంటికే.

సంఘం వస్తోందని సంస్థలో గోడలకు రంగులు వేయిస్తున్నారు. పరిశోధన జరిగే చోటు శుభ్రంగా కనిపించాలంటే అక్కడ పరిశోధన ఆపక తప్పదని డైరెక్టరు తేల్చేశాడు. అందుకే సూక్ష్మదర్శిని బురదాయన ఇంట్లో భోజనాల బల్ల ఎక్కింది. ఆయన కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఊపిరి కూడా ముక్కుకు పక్కగా వదులుతూ కూర్చున్నాడు.

అదే గదిలో బావమరిది చేపల తొట్టి ఉంది. మామూలు తొట్టి కాదు, ఉప్పునీళ్ళ తొట్టి, సముద్రపు ఇసుకతో సహా. ఇంట్లో అతన్ని మత్స్యావతారం అంటారు. కొన్నాళ్ళుగా అతని చేపలు ఒక్కొక్కటే తేలిపోతున్నాయి. నేరం ఇసుకదేమోనని దాన్ని బయటికి తీసి కడిగి, బల్ల పక్కనే పాత పేపరు పరిచి ఆరబోశాడు.

"బావా, నీ బురద ఇంటికొచ్చింది, నా చేపలు పోతున్నాయి."

"నీ చేపలు పోయిన నెల నుంచి పోతున్నాయి. నా బురద నిన్న వచ్చింది."

"చేపలకు ముందే తెలిసిపోతుంది బావా."

బురదాయన కుంచె పక్కన పెట్టాడు. అప్పటికి గవ్వలన్నీ ఏరడం అయింది. చిన్న పళ్ళెంలో చిటికెడు తెల్లటి పొడిలా ఉన్నాయి. సీసా మూత తీయడానికి ఇటు తిరిగాడు. చేతులు కడుక్కొచ్చిన మత్స్యావతారం, "అబ్బ, చలికాలంలో కూడా ఏం ఉక్క! మనుషులుండే ఇల్లేనా ఇది?" అంటూ అలవాటు కొద్దీ ఫ్యాను స్విచ్చి నొక్కాడు.

వేల ఏళ్ళు సముద్రం అడుగున కదలకుండా పడుకున్న మంచుయుగం లేచి, గాల్లో ఒక చుట్టు తిరిగి, ఆరబోసిన ఇసుకలో దిగింది.

"ఆపరా!" అన్న కేక విని వంటింట్లోంచి భార్య వచ్చింది. ఆవిడ లాయరు. ఇంట్లో కూడా లాయరే.

"ముందు ఫ్యాను వేసిందెవరు?"

"గాలి కోసం వేశానక్కా."

"ఎందుకు వేశావని అడగలేదు. ఎవరు వేశారని అడిగాను."

బురదాయన అప్పటికే మోకాళ్ళ మీద కూలబడి ఇసుకలో కుంచె ఆడిస్తున్నాడు. ఆ పొర బురద అంతా కలిపి చెంచాడు. మళ్ళీ కావాలంటే మళ్ళీ ఓడ బయల్దేరాలి. ఆయనకు ఏడుపొక్కటే తక్కువ. చిక్కేమిటంటే ఆ ఇసుకలోనూ అలాంటి గవ్వలే ఉన్నాయి. ఇసుకతో వచ్చి, తొట్టిలోనే కాపురం పెట్టి, పిల్లాపాపలతో స్థిరపడ్డ ప్రాణులవి. కంగారులో ఆయనకు అన్నీ తెలిసిన ముఖాల్లానే కనిపించాయి. సీసా నిండింది. మిగిలిన ఇసుకను మత్స్యావతారం తొట్టిలో పోసేశాడు.

మర్నాడు యంత్రం లెక్క చెప్పింది. మంచుయుగంలో ఆ సముద్రం పది డిగ్రీలు దాటకూడదు. యంత్రం ఇరవై రెండు అంది.

సీసాలో చేరినవన్నీ తొట్టి గవ్వలేనని బురదాయనకు అర్థమైంది. డైరెక్టరు మాత్రం కుర్చీలోంచి లేచి వచ్చి కౌగిలించుకున్నాడు.

"మంచుయుగంలో వెచ్చటి సముద్రం! ప్రపంచంలో ఎవడికీ దొరకలేదయ్యా!"

"సార్, అసలు నిన్న మా ఇంట్లో ఫ్యాను..."

"ఫ్యాను ఏమిటి, ఏసీ పెట్టిస్తాను!"

"అది కాదు సార్. ఆ గవ్వలు మా బావమరిది..."

"అతనికి అంకితమిస్తావా? అవన్నీ చివర్లో చూసుకుందాం."

సాయంత్రానికి విలేకరులొచ్చారు. పొద్దున్నే పేపర్లో బురదాయన ఫొటో వచ్చింది. వీధి చివర గీజర్లు అమ్మే ఆయన ఆ వార్త కత్తిరించి కొట్టు అద్దానికి అంటించాడు. అక్కడితో ఆగినా బాగుండేది. కానీ లాయరమ్మ అప్పుడు ఒక ఫ్యాక్టరీ మీద కేసు వాదిస్తోంది, వేడినీళ్ళు సముద్రంలోకి వదిలి చేపల్ని చంపుతోందని. ఎదుటి లాయరు అదే పేపరు కోర్టులో ఊపుతూ, "మంచుయుగంలోనే సముద్రం వెచ్చగా ఉందట. మరి అప్పుడు ఏ ఫ్యాక్టరీ ఉందండీ?" అన్నాడు. పైగా ఆ పరిశోధకుడు ఎవరి భర్తో కూడా చెప్పాడు. కోర్టు కోర్టంతా నవ్వింది.

ఆవిడ ఇంటికొచ్చి హ్యాండుబ్యాగు బల్ల మీద పడేసింది.

"రేపు సంఘం ముందు మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?"

"చెప్తే ఉద్యోగం పోతుందే."

"చెప్పకపోతే ఇద్దరిదీ పోతుంది. నిర్ణయం మీదే."

సంఘానికి అధ్యక్షురాలు ఒక పెద్దావిడ. కళ్ళజోడు పైనుంచి చూడటం ఆవిడ అలవాటు. డైరెక్టరు ఉపన్యాసం ముగిసి చప్పట్లు మొదలవబోతుంటే బురదాయన లేచాడు.

"అది మంచుయుగం కాదండీ. మా బావమరిది చేపల తొట్టి."

ఫ్యానుతో మొదలుపెట్టి అంతా చెప్పేశాడు. డైరెక్టరు నెమ్మదిగా కూర్చుని తల పట్టుకున్నాడు. పెద్దావిడ ఒక్కటే అడిగింది.

"ఆ తొట్టికి హీటరుందా?"

మత్స్యావతారానికి ఫోను కలిపి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు.

"ఉందండీ. ఇరవై ఎనిమిది మీద పెట్టాను."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఇరవై ఎనిమిదిని ఇరవై రెండు అందంటే, ఆ యంత్రం ఇన్నేళ్ళుగా చెప్పిన లెక్కలన్నీ తప్పుల తడకే. డైరెక్టరు తల పట్టుకున్న చేతులు రెండూ ముఖం మీదికి జారాయి. ఇక తన ఒక్కడి ఉద్యోగమే కాదు, సంస్థకే తాళం పడేలా ఉందని బురదాయనకు అర్థమైంది.

"థర్మామీటరు ముంచి చూశారా?" పెద్దావిడ అడిగింది.

"హీటరు మీద రాసుంది కదండీ, మళ్ళీ చూడటమెందుకని..."

"ఇప్పుడు ముంచండి."

ఫోనులో కాసేపు నీళ్ళ చప్పుడు వినిపించింది. ఆ తర్వాత ఒక ఆర్తనాదం వచ్చింది.

"ఇరవై రెండేనండీ! ఓరి దీని దుంపతెగ, హీటరు చచ్చింది! బావా, నా చేపలు చలికి పోయాయి బావా!"

పెద్దావిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఏ నీళ్ళో తెలీకుండా, ఎవరూ ముందు చెప్పకుండా, డిగ్రీ తేడా రాకుండా చెప్పింది. ఈ యంత్రానికి ఇంతకంటే గట్టి పరీక్ష మనమెవరమూ పెట్టలేం. పెట్టినా, ఈయనలా లేచి నిజం ఒప్పుకోం." తర్వాత డైరెక్టరు వైపు తిరిగింది. "ఈయన ఉద్యోగం ఖాయం చేయండి. ఇంట్లో మాత్రం పని చేయించకండి."

బురదాయనకు కళ్ళు చెమ్మగిల్లాయి. డైరెక్టరు చప్పున తలెత్తి, ఆ పరీక్ష పెట్టాలన్న ఆలోచన మొదటి నుంచీ తనకుందన్నాడు.

మర్నాటి పేపర్లో సవరణ వచ్చింది. లాయరమ్మ దాన్ని కోర్టులో రెండుసార్లు పైకి చదివి వినిపించింది. గీజర్ల కొట్టాయన మాత్రం పాత వార్తే ఉంచుకున్నాడు. మత్స్యావతారం కొత్త హీటరు తెచ్చి, థర్మామీటరు పెట్టి మరీ ఇరవై ఎనిమిదికి తిప్పాడు. బతికిన చేపలు ఆ రాత్రే ఈతలు మొదలుపెట్టాయి.

మంచుయుగం ప్రస్తుతం తొట్టి అడుగున, ఇరవై ఎనిమిది డిగ్రీల దగ్గర, సుఖంగా ఉంది.