అడిగితేనే చెప్పవలెను

తిరువూరు పురజనులకు ఇద్దరు పెద్దలు లభించారు. ఒకాయనకు ఇరవై ఏళ్లు. రెండో ఆయనకు ఇంకా నిండలేదు. తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల బిళ్ల, ఆ బిళ్ల మీద పేరుకు ముందు 'ఎల్డర్' అన్న మాట. ఎల్డర్ అంటే పెద్ద అని వాళ్లే చెప్పారు. మీసాలు సరిగా రాని పెద్దలు ఊరికి కొత్త కాబట్టి, మొదటి వారం మందుల కంపెనీవాళ్లనుకుని డాక్టర్లు లోపలికి పిలవలేదు. రెండో వారం ఇంజనీరింగు కాలేజీవాళ్లనుకుని ఇంటర్ పిల్లల తల్లిదండ్రులు తలుపులు వేసుకున్నారు.

నిజానికి వాళ్లు మోర్మన్ సంఘం మిషనరీలు. ఒకడు రాజమండ్రి కుర్రాడు జోజిబాబు, రెండోవాడు హైదరాబాదు కుర్రాడు నవీన్ కుమార్. ఇల్లు వదిలి, సినిమాలు వదిలి, జీతం లేకుండా రెండేళ్లపాటు తమ విశ్వాసం పంచడానికి బయల్దేరినవాళ్లు. పంపేటప్పుడు పైవాళ్లు ఒకే ఒక షరతు పెట్టారు. ఎవరి మీదా పడకూడదు, అడిగితేనే చెప్పవలెను.

జోజిబాబు లోలోపల నవ్వుకున్నాడు. పక్క సీటువాడి ఇంటిపేరు తెలుసుకోనిదే టికెట్టు తీసుకోని జనం మధ్య, అడగకపోవడమన్న సమస్యే రాదనుకున్నాడు.

ఊరు అడిగింది కూడా. మీదే ఊరు, పొలమెంత, పెళ్లెప్పుడు, చొక్కాలు ఇంత తెల్లగా ఏ సబ్బుతో ఉతుకుతారు అని ఆరు నెలలు తీరిగ్గా అడిగింది. ఏం చెప్పడానికి వచ్చారని మాత్రం అడగలేదు. ఒక్కసారి బస్టాండులో ఒకాయన "మీదే చర్చి?" అన్నాడు. జోజిబాబు గబగబా టై సర్దుకున్నాడు. "యేసుక్రీస్తు కడవరి దిన పరిశుద్ధుల సంఘమండి" అని పేరు పూర్తి చేసేసరికి విస్సన్నపేట బస్సు రావడం, ఆయన ఎక్కడం, కిటికీ పక్కన కూర్చోవడం అయిపోయాయి.

వాళ్లు అద్దెకున్న మేడగది సుందరరామయ్యది. ఆయనకు ఎరువుల కొట్టుంది. వచ్చిన రోజే టీ ఇప్పిస్తే కుర్రాళ్లు "మేం టీ తాగం" అన్నారు. "కాఫీ కూడా తాగం" అన్నారు. ఆయన మొహం మాడిపోయింది. భార్య పరమేశ్వరే సర్దిచెప్పింది.

"దీక్షలో ఉన్నారండీ పాపం. చెప్పులు మానలేదు గానీ, మిగతావన్నీ మానేశారు."

ఊరు ఒప్పుకుంది. రెండేళ్ల దీక్షంటే మాటలా! ఆనాటినుంచి ఊరు వాళ్లకు మజ్జిగిచ్చింది, గౌరవమిచ్చింది, వాళ్లు "మేమేమైనా సాయం చెయ్యాలాండి?" అని అడగడమే తరువాయి, పనీ ఇచ్చింది. మామిడికాయల ట్రేలు మోయించింది, పింఛను దరఖాస్తులు రాయించింది, లారీలోంచి యూరియా బస్తాలు దింపించింది. సోమవారం ఫోన్లో అమ్మ "ఎంతమంది విన్నార్రా?" అంటే, "అందరూ చాలా బాగా చూసుకుంటున్నారమ్మా" అనేవాడు జోజిబాబు. ఫోన్ పెట్టేసి మర్నాటి చొక్కా ఉతుక్కునేవాడు.

ఏడో నెలలో బదిలీ ఉత్తర్వు వచ్చింది. ఊరు ఊరుకోలేదు, సన్మానం తలపెట్టింది. వర్తక సంఘం అధ్యక్షుడు జగన్నాథరావు మైకు అందుకుని, "నిస్వార్థ సేవకు నిలువెత్తు నిదర్శనమైన ఈ యువపెద్దలు, ఇన్నాళ్లూ మనకు ఏమీ చెప్పకుండా ఉండి మతసామరస్యాన్ని కాపాడారని సగర్వంగా మనవి చేస్తున్నాను" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇంతలో శాలువాలు ఇంకా రాలేదని కబురొచ్చింది. సభలో ఖాళీ ఏర్పడటం అధ్యక్షులవారికి గిట్టదు.

"ఇంతకీ బాబూ, మీరు చెప్పేదేంటి? శాలువాలు వచ్చేలోగా రెండు ముక్కలు చెప్పండి."

జోజిబాబు మైకు అందుకున్నాడు. కంఠతా పట్టిన పాఠం ఒక్క అక్షరం గుర్తు రాలేదు.

"నా తొమ్మిదో ఏట మా నాన్న పోయారండి" అన్నాడు. "చావుతో కుటుంబం తెగిపోదని, దేవుడి దగ్గర భార్యాభర్తలు, పిల్లలు ఎప్పటికీ కలిసే ఉంటారని మా నమ్మకం. ఆయన్ని మళ్లీ చూస్తాను. అది చెబుదామనే వచ్చానండి."

ఎవరో ముక్కు చీదుకున్నారు. అప్పుడు ఆడవాళ్ల వరసలో పరమేశ్వరి లేచి నిలబడింది.

"ఎప్పటికీ అంటే... ఈయనతోనేనా బాబూ?"

"అవునండి."

"తప్పనిసరా? ఇష్టమైతేనా?"

"ఇద్దరికీ ఇష్టమైతేనేనండి."

"హమ్మయ్య" అని ఆవిడ కూర్చుంది. ఆడవాళ్ల వరస వరసంతా ఊపిరి పీల్చుకుంది. శాలువాలు వచ్చాయని అధ్యక్షులవారు గట్టిగా ప్రకటించారు.

మర్నాడు పొద్దున కుర్రాళ్లిద్దరూ విజయవాడ బస్సు కోసం నిలబడి ఉంటే, కొట్టు తెరవకుండా సుందరరామయ్య వచ్చాడు. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"బాబూ, మీరు నిన్న చెప్పింది... మా ఆవిడ ఒప్పుకోవాలంటే నేనేం చెయ్యాలి?"

ఏడు నెలల్లో మొదటిసారి ఒక మనిషి తనంతట తాను వచ్చి అడిగాడు. నవీన్ కుమార్ గబగబా సంచిలోంచి పుస్తకం తీశాడు. జోజిబాబు అతని చేయి పట్టుకుని ఆపాడు.

"ముందు ఆవిడ తిన్నారో లేదో అడిగి, అప్పుడు మీరు తినండి. ఆవిడ మాట్లాడుతుంటే టీవీ ఆపండి. మీ కంచం మీరే కడగండి. రోజూనండి."

సుందరరామయ్య మూడూ వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. తెలిసినవాళ్లెవరూ లేరు కదా అని అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"అంత కష్టం దేనికి బాబూ? ఊరికే మతం మారిపోతే సరిపోదా?"