అన్ని దేశాలూ తిరిగిన కోడి

"నేటి నుంచి విదేశీ పక్షులు ముందస్తు అనుమతి లేనిదే కొల్లేరులో వాలరాదు" అని మాంసాభివృద్ధి శాఖ మంత్రి వెంకట్రాజుగారు ఏలూరు సభలో ప్రకటించారు. ఆ సభకు మైకు సెట్టు నాదే. అంత దూరదృష్టి నా మైకులోంచి వెళ్లడం అదే మొదలు.

అది 2006 ఫిబ్రవరి. మహారాష్ట్రలో బర్డ్ ఫ్లూ అనగానే ఇక్కడ జనం కోడికూర మానేశారు. ఏలూరులో అబ్దుల్ మజీద్‌గారు చికెన్ కొట్టు తీసి, ఈగలు తోలుకుని, మూసేస్తున్నారు. ఆయనకు కోళ్లు పంపే ఉంగుటూరు కనకరత్నంగారి షెడ్డులో కోళ్లు అమ్ముడుపోక, మేత తిని తిని నడవలేకపోతున్నాయి. మేతకు ఆవిడ గాజులు తాకట్టుకు వెళ్లాయి.

మంత్రిగారు ఆలస్యం చేయలేదు. మర్నాడే కొల్లేట్లో పడవెక్కారు. పక్కన పశువుల డాక్టరు ప్రభుదాసుగారు, వెనక నేను, నా మైకు.

"ఇవి ఏ దేశానివి డాక్టరుగారూ?"

"గూడబాతులండి. ఇక్కడే గుడ్లు పెడతాయండి."

"మరి ఆ నీళ్లలోవి?"

"అవి సైబీరియా నుంచండి."

"అయితే ఆర్డరు ఇంగ్లీషులో చదవండి. వాటికి తెలుగు రాదు."

డాక్టరుగారు గొంతు సవరించుకున్నారు. మైకు కీచుమంది. పక్షులన్నీ ఒక్కసారి లేచాయి.

"చట్టమంటే ఎంత గౌరవమో చూశారా!" అని మంత్రిగారు మురిసిపోయారు. అవి ఒక చుట్టు తిరిగి అక్కడే వాలేలోపు మా పడవ మలుపు తిరిగింది.

వారం తిరక్కుండా విదేశీ మాంసం కంపెనీవాళ్లు వచ్చారు. పెద్ద ఒప్పందమన్నారు మంత్రిగారు. కోళ్లు కొనడానికేననుకుని కనకరత్నంగారు షెడ్డుకు సున్నం కొట్టించారు. మజీద్‌గారు డేగిసా నిండా బిర్యానీ వండారు. కోడికూర క్షేమమని లోకానికి చాటేందుకు మంత్రిగారు లెగ్ పీసు పైకెత్తారు. ఫొటోలయ్యాక తిరిగి ప్లేటులో పెట్టేశారు.

"తినండి బాబూ" అన్నారు కనకరత్నంగారు.

"శనివారం ముట్టనమ్మా."

"ఇవాళ శుక్రవారమండి."

"నాకు నిష్ఠ ముందురోజే మొదలవుతుంది."

ఏప్రిల్‌లో తాడేపల్లిగూడెంలో పెద్ద సభ. కంపెనీవాళ్ల కంటైనర్ లారీ వచ్చిందని తెలిసి కనకరత్నంగారు కోళ్లను వ్యానుకెత్తి తెచ్చారు. లారీ తలుపులు తీస్తే లోపల చోటు లేదు. గడ్డకట్టిన కోడికాళ్లు, పైదాకా.

"వాళ్లు మన కోళ్లు కొంటారన్నారు కదండీ?"

"ఒప్పందం కుదిరిందన్నానమ్మా. ఎవరు ఎవరి దగ్గర కొంటారన్నది చిన్న విషయం."

మజీద్‌గారు ఒక కాలు తీసి తిప్పి చూశారు. "ఇది ఏ దేశం కోడండీ?"

కంపెనీ మేనేజరు గర్వంగా చెప్పాడు. "పొదిగింది ఒక దేశం, పెంచింది ఇంకో దేశం, కోసింది మరో దేశం. ప్యాకింగ్ ఎక్కడో కనుక్కుంటున్నాం."

"జబ్బు వస్తే ఎవర్ని అడగాలండీ?"

"మంచి ప్రశ్న" అన్నాడు మేనేజరు.

"అన్ని దేశాలూ తిరిగిన కోడి!" మంత్రిగారు మైకందుకున్నారు. "మన కోడి ఎప్పుడైనా ఏలూరు దాటిందా?"

ప్రసంగం ఎండ నడినెత్తికి వచ్చేదాకా సాగింది. అభివృద్ధి జనానికి కనపడాలని లారీ తలుపులు తెరిచే ఉంచారు. కింద నీళ్లు కారి మడుగు కట్టాయి. చివర్లో మంత్రిగారు వేదిక మీదే ఆ లారీలోవి రెండు కాళ్లు వేయించుకు తిన్నారు. ఎముక నమిలిన చప్పుడు కూడా నా మైకు ఊరంతా వినిపించింది. చప్పట్లు మోగిపోయాయి.

సాయంత్రానికి మంత్రిగారిని ఆస్పత్రిలో చేర్చారు.

మర్నాడు ప్రభుదాసుగారు ముక్కుకు గుడ్డ కట్టుకుని, పారలు పట్టిన కూలీలతో ఉంగుటూరు వచ్చారు. ఊళ్లో దండోరా వేయడానికి నన్ను కూడా తెచ్చారు.

"మంత్రిగారికి విరేచనాలు తగ్గట్లేదండి. ముందుజాగ్రత్తగా మీ కోళ్లన్నీ పూడ్చేయమన్నారండి."

"ఆయన నా కోడిని ముట్టనే లేదు కదండీ!"

"ఆయ్. నేనూ అదే అన్నానండి."

"తిన్నది వాళ్ల కోడి కదండీ డాక్టరుగారూ?"

ప్రభుదాసుగారు గుడ్డ కిందికి లాగి, మెల్లగా చెప్పారు. "వాళ్లనేమైనా అంటే అంతర్జాతీయ సంబంధాలు దెబ్బతింటాయటండి. మీరైతే మనవాళ్లే, సర్దుకుంటారన్నారు."

కనకరత్నంగారు మేత చాట కింద పెట్టారు. ఆ చప్పుడుకు కోళ్లన్నీ తలుపు దగ్గరికి వచ్చాయి.