ఓబమ్మకు ఐసు

ఆ పొద్దు రామాంజినమ్మ అనుకున్నది ఒక్కటే, అత్తకు చల్లటి పాయసం చేసిపెట్టాలని. ధర్మవరంలో 1980 నాటి ఎండాకాలం అది. కుళాయి ఎప్పుడొస్తుందో తెలియక వీధి పొడుగునా బిందెలు కాపలా కూర్చున్నాయి. మగ్గం మీద పట్టుపోగులు వేడికి పెళుసెక్కి పుటుక్కున తెగుతున్నాయి. ఇంట్లో ఓబమ్మ నాలుగు దినాలుగా అన్నం ముట్టలేదు. సంగటి మజ్జిగలో పిసికి ఇచ్చినా, గంజి వార్చి ఇచ్చినా మొహం గోడవైపు తిప్పుకునేది. డాక్టరు వచ్చి చూసి, రోగమేమీ లేదు, వయసే రోగం అని చెప్పి పోయాడు. ఆ పొద్దు మాత్రం ఓబమ్మ తనంతట తానే నోరు తెరిచింది.

"రామాంజీ, చల్లగా, తియ్యగా ఏమన్నా తాగల్లని ఉండాది."

పెళ్ళయి ఈ ఇంట్లో కాలు పెట్టినప్పటి నుంచి అత్త తనను ఒకటి అడిగిన జ్ఞాపకం రామాంజినమ్మకు లేదు. అత్త పని చెప్పేది, తిట్టేది, చేసిన కూరకు వంక పెట్టేది. అడగడం ఇదే మొదటిసారి. అందుకే సంతోషం కంటే ముందు ఆమెకు భయమేసింది.

డబ్బా అడుగున గుప్పెడు సగ్గుబియ్యం ఉన్నాయి. వాటిని ఆ వైపు సబ్బక్కి అంటారు. ఒక బెల్లం ముక్క ఉంది. పక్క వీధిలో అడిగితే ఒక చెంబు ఎనుము పాలు దొరికాయి. సబ్బక్కి ముత్యాల్లాగ తేలేదాకా ఉడికించి, బెల్లం వేరుగా కరిగించి పెట్టింది. వేడి మీద కలిపితే పాలు విరిగిపోతాయి కనుక అన్నీ ఆరనిచ్చి కలపాలి. కానీ ఆ ఎండలో ఏదైనా ఆరడం ఎక్కడిది? కుండలో నీళ్ళే కాగినట్టు ఉన్నాయి. అప్పుడు మగ్గం గుంతలో కూర్చున్న మొగుడి దగ్గరికి పోయింది.

"ఏమయ్యా, బస్టాండు కాడ శెట్టి సోడా అంగట్లో ఇంత ఐసుగడ్డ తీసుకొని రా. మీ అమ్మకు పాయసంలో వెయ్యల్ల," అని పిడికిలి చూపించింది.

ఆదెన్న చిన్నప్పటి నుంచి మగ్గం దరువు విని విని చెవులు మందగించినవాడు. ఆమె మాటల్లో ఐసు, అమ్మ అన్నవి అతనికి వినిపించాయి. పిడికిలి వైపు అతను చూడలేదు, తెగిన పోగు వైపు చూస్తున్నాడు. సరేనని తలాడించి, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళాడు.

అంగట్లో ఏం జరిగిందో తర్వాత రామాంజినమ్మకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. సోడా అంగడి నాగేశ్వరయ్య మంచివాడు, పరాయి కష్టానికి తొందరగా కరిగిపోయేవాడు. ఓబమ్మ తిండి మానేసిన సంగతి ఆయన చెవిన పడే ఉంది.

"శెట్టన్నా, ఐసు కావల్ల. మా అమ్మకు," అన్నాడు ఆదెన్న.

నాగేశ్వరయ్య చేతిలోని సీసా కింద పెట్టాడు. "అయ్యో! ఎప్పుడప్పా?"

"ఇప్పుడే."

"శానా బాధ పడినాదా?"

"నాలుగు దినాలుగా ఒకటే బాధ. ఈ పొద్దుతో ఇంగ నెమ్మది."

"పోనీలేప్పా, పెద్ద పానం. మీ అన్న వచ్చేదాంక ఉండల్ల కదా, ఒక గడ్డ చాలునా?"

ఆదెన్నకు చివరి మాట వినిపించింది. "చాలు చాలు. ఒక గడ్డ."

ఇంట్లో గడ్డ అంటే పిడికెడు. ఐసు వ్యాపారంలో గడ్డ అంటే మనిషి పడుకున్నంత పొడుగు దిమ్మె. దాన్ని రంపపు పొట్టులో పొర్లించి, గోతాలు కప్పి, తోపుడుబండి మీద ఎక్కించారు. ఆదెన్న జేబులో చెయ్యి పెట్టబోతే నాగేశ్వరయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు. "ఈ పొద్దు దుడ్ల మాట ఎత్తొద్దు," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. ముసలామె పాయసం మీద శెట్టికి ఇంత ప్రేమ ఏమిటా అని ఆదెన్న ఆశ్చర్యపడ్డాడు గానీ, మంచివాళ్ళు మంచివాళ్ళే అనుకుని బండి తోసుకుంటూ వచ్చేశాడు.

బండి చూసి రామాంజినమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "ఏమయ్యా ఇది! దీంట్లో ఊరికంతా పాయసం చెయ్యొచ్చు!"

"శెట్టే ఇచ్చినాడు. ఊరికే ఇచ్చినాడు," అన్నాడు ఆదెన్న గర్వంగా.

ఎండలో వదిలేస్తే నీళ్ళయిపోతుంది. ఇంట్లో కాస్త చల్లటి చోటు మగ్గం గది ఒక్కటే. అక్కడే బండల మీద ఓబమ్మ పడుకుని ఉంది. వేడికి తట్టుకోలేక తడిగుడ్డ మొహం మీద కప్పుకుని కునుకు తీస్తోంది. ఆమె పక్కనే గోతం పరిచి గడ్డను దించారు. రామాంజినమ్మ రోకలితో ఒక మూల పగలగొట్టుకుని వెనక వంటింట్లోకి పోయింది. ఆదెన్న బండి తిరిగి ఇచ్చి రావడానికి పోయాడు.

బండి వీధిలోకి వచ్చినప్పుడే పక్కింటి కదిరమ్మ చూసింది. అంత ఐసు ఇంట్లోకి పోయిందంటే ఎందుకో ఆమెకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాకిట్లోంచి తొంగిచూసింది. నేల మీద మనిషి, మొహం మీద గుడ్డ, పక్కన ఐసు. ఇంకేం కావాలి? వెంటనే మొగుడు వెంకటేశుల్ని బస్టాండుకు తరిమింది. అతను కదిరి బస్సు కండక్టరును పట్టుకుని, "తనకల్లులో ఈరన్నకు చెప్పించప్పా. వాళ్ళమ్మ పోయినాది, ఐసులో పెట్టినారు, బిరీన రమ్మను," అని చెప్పి, అటునుంచి అటే తప్పెటవాళ్ళకు కూడా చెప్పి వచ్చాడు. సాయం చేసేటప్పుడు సగం చెయ్యడం వెంకటేశులుకు చేతకాదు.

వంటింట్లో ఏలకులు దంచుతున్న రామాంజినమ్మకు మగ్గం గదిలోంచి ఏడుపు వినబడింది. ఒకరిది కాదు, పదిమందిది. గరిటె చేతిలో పట్టుకునే పరుగెత్తింది. వీధిలోని ఆడవాళ్ళంతా అత్త చుట్టూ కూర్చుని ఉన్నారు. అందరికంటే ముందు కదిరమ్మ రొమ్ము బాదుకుంటోంది.

"ఓ పెద్దమ్మా! మమ్మల్ని ఇడిసి పోతివా! నీ ఇత్తడి చెంబు తీసుకొని పోయి తిరిగి ఇయ్యకుంటినే! నీ రుణం ఎట్ల తీర్చుకుందునే!"

"తెచ్చియ్యి. ఇంగా టైముండాది," అంది తడిగుడ్డ.

ఒక్క క్షణం అందరూ నోరు తెరిచినవాళ్ళు తెరిచినట్టే ఉండిపోయారు. ఆ మీదట ఎవరు ఎవరిని తొక్కుకుంటూ వాకిట్లోకి పోయారో చెప్పడం కష్టం. ఓబమ్మ గుడ్డ తీసి లేచి కూర్చుంది. ఆమె కళ్ళల్లో చాలా కాలం తర్వాత కొంచెం వెలుగు ఉంది.

"అప్పుడే లేచి పోయిరేమే వాళ్ళు?" అంది కోడలితో. "బాగా ఏడుస్తాండ్రి. ఇంగ కొంచేపు విందామనుకుంటి."

రామాంజినమ్మ నవ్వబోయింది. అప్పుడే గడప దగ్గర నిలబడిన వెంకటేశులు నసుగుతూ కండక్టరు సంగతి బయటపెట్టాడు. ఆమె నవ్వు అక్కడే ఆగిపోయింది. ఈరన్న ఓబమ్మ పెద్దకొడుకు. మగ్గాలు పంచుకునేటప్పుడు, తల్లి చిన్నవాడి పక్షమని గొడవపడి, పెళ్ళాం ఊరు తనకల్లులో సేద్యం చేసుకుంటానని వెళ్ళిపోయాడు. వెళ్ళేటప్పుడు వాకిట్లో నిలబడి, నీ పాడె మొయ్యేకి వస్తా, అంతవరకు ఈ గడప తొక్కను అని అరిచి పోయాడు. ఆ మాట మీదే ఉన్నాడు. ఇప్పుడు వస్తే ఏమంటాడు? బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. మాటను వెనక్కి పిలిచే దారి లేదు.

"ఈరన్నకు చెప్పినారా?" ఓబమ్మ గొంతు సన్నబడింది. "వస్తాడంటావా రామాంజీ?"

"వస్తాడులే అత్తా."

ముసలామె చెదిరిన జుట్టు చేత్తో సర్దుకుంది. తర్వాత అంది, "నా తల దువ్వు. ఆ పాయసం ఇట్ల తే."

నాలుగు దినాలుగా గంజి దిగని గొంతులో పాయసం దిగింది. గిన్నె ఖాళీ అయ్యాక వేలితో అడుగు గీకింది. రామాంజినమ్మ ఆ వేలినే చూస్తూ కూర్చుంది. ఇంకొకసారి ఈ చూపు దొరుకుతుందో లేదో అని ఆమెకు అనిపించింది, ఎందుకో.

చావుకు వచ్చేవాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నారు. తప్పెటవాళ్ళు వచ్చారు. వెనక వీధి పెద్దమనుషులు తువ్వాళ్ళు నెత్తిన వేసుకుని వచ్చారు. నాగేశ్వరయ్య అంగడి మూసి ఊదుబత్తుల కట్టతో వచ్చి, చనిపోయినామె పాయసం తాగుతుంటే చూసి, గుమ్మాన్ని పట్టుకుని నిలబడిపోయాడు.

"నేను ఐసు ఇచ్చింది ఇందుకా?" అన్నాడు.

"మరి ఏమిటికనుకుంటివి శెట్టీ?" అని అడిగింది ఓబమ్మ. ఆయన ఊదుబత్తుల కట్ట వీపు వెనక దాచుకున్నాడు.

వచ్చినవాళ్ళను ఎండలో ఊరికే పంపడానికి రామాంజినమ్మకు మనసొప్పలేదు. పక్కన గడ్డ కారిపోతోంది. ఇరుగుపొరుగు తలా గుప్పెడు సబ్బక్కి, తలా ఒక బెల్లం ముక్క తెచ్చారు. పాలు చాలక నీళ్ళు, నీళ్ళకు తోడు మళ్ళీ ఐసు పడ్డాయి. చివరికి అది పాయసమా పానకమా అన్నది ఎవరూ తేల్చలేకపోయారు గానీ, ఆ ఎండాకాలంలో ఆ వీధి గొంతు చల్లబడింది ఆ ఒక్క పొద్దే. నాగేశ్వరయ్య రెండు గ్లాసులు తాగాడు. తప్పెటవాళ్ళు మూడోది అడగడానికి మొహమాటపడ్డారు. కదిరమ్మ చెంబు తెచ్చి మూలన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా వెళ్ళిపోయింది.

పొద్దు వాలే వేళకు ఈరన్న వచ్చాడు. చేతిలో బంతిపూల హారం. వీధి మొదట్లోంచే "అమ్మా!" అని ఏడుస్తూ, ఎవరు అడ్డం వచ్చి చెప్పబోయినా వినకుండా నేరుగా లోపలికి వచ్చేశాడు. గోడకు ఆనుకుని, తల దువ్వించుకుని కూర్చున్న తల్లిని చూశాడు. ఆమె కూడా చూసింది.

"ఎవరికప్పా ఆ పూలు?" అంది.

ఈరన్న మొహం తెల్లబోయి, ఆ వెంటనే ఎర్రబడింది. "నన్ను రప్పించేకి ఇంత నాటకమా! దావ పొడుగునా బస్సులో ఏడుస్తా వస్తినే! అందరూ నన్నే చూస్తాండ్రి! ఎవురు చేసినారు ఈ పని?" తమ్ముడి వైపు చూశాడు. ఆదెన్నకు సగమే వినిపించింది. అందుకని ఈరన్న మరదలి వైపు తిరిగాడు. "ఇంత తెలివి వానికి లేదు. ఇది నీ పనే, రామాంజినమ్మా!"

ఏమని చెప్పాలి రామాంజినమ్మ? పాయసం అనాలా, ఐసు అనాలా, చెవుడు అనాలా? ఎక్కడ మొదలుపెట్టినా అబద్ధం లాగే ఉంటుంది.

"దాని మీద అరవొద్దు," అంది ఓబమ్మ. "నేనే చెప్పించినా."

గదిలో అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఏమి, తప్పా? బతికుండంగా రానంటివి. సచ్చినానంటే వస్తావో రావో చూద్దామని చెప్పించినా. వస్తివి. నాకది చాలు." కొంచెం ఆగి, కోడలి వైపు చూడకుండానే అంది, "నన్ను ఇన్నేండ్లు సాకినాది అది. దాన్ని ఒక మాటన్నా నేను ఊరుకోను."

రామాంజినమ్మ గరిటె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ చెయ్యాల్సిన పని ఏమీ లేదు. ఆరిన పొయ్యి ముందు కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బయట ఈరన్న కూడా ఏడుస్తున్నాడు, బస్సులో మిగిలిపోయిన ఏడుపంతా తల్లి మోకాళ్ళ మీద తల పెట్టి. ఓబమ్మ అతని వీపు నిమురుతూ, "ఊరుకో, ఊరుకో. ఐసు కరిగిపోతాండాది, పాయసం తాగు," అంటోంది.

ఈరన్న ఆ రాత్రి అక్కడే పడుకున్నాడు. మరుసటి రోజు పోతూ, "ఇంగ వస్తా పోతా ఉంటాలేమ్మా. ఈసారి సచ్చినానని చెప్పించొద్దు," అన్నాడు. తల్లీకొడుకులు ఇద్దరూ నవ్వారు.

ఆ తర్వాత ఓబమ్మ రోజుకొక గిన్నె ఏదో ఒకటి తాగుతూ తొలకరి దాకా బతికింది. మొదటి వాన పడిన మరుసటి పొద్దున, కోడలు అంబలి తెచ్చేసరికి, గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రామాంజినమ్మ రెండుసార్లు పిలిచింది. మూడోసారి పిలవడానికి ధైర్యం చాలలేదు.

ఆమె ఏడుపు విని వీధిలోంచి ఎవరూ పరుగెత్తి రాలేదు. చాలాసేపటికి కదిరమ్మ వచ్చి, గడప అవతలే నిలబడి, మొహం మీద గుడ్డ కదులుతుందేమోనని చూసింది. లోపలికి వచ్చి కాలు తాకి, అప్పుడు ఏడ్చింది. తనకల్లుకు చెప్పించమంటే వెంకటేశులు మొదట ఒప్పుకోలేదు. "నేను చెప్పనప్పా. మళ్ళీ లేచి కూచుంటే ఈరన్న నన్ను తంతాడు," అన్నాడు. బతిమాలితే పోయి, అదే కండక్టరుతో చెప్పించాడు.

ఈరన్న చేతిలో అప్పుడు చెనిక్కాయ విత్తనాలు ఉన్నాయి. ఏళ్ళ తరబడి మొహం చాటేసిన వాన పడింది, పదును ఆరేలోపల విత్తనం పడాలి. కబురు విని పక్కచేనువాళ్ళకు కూడా వినబడేట్టు నవ్వాడు. "మా అమ్మకు మళ్ళా నన్ను చూడల్లనిపించినాది," అని పెళ్ళానికి చెప్పాడు. "రేపు పోదాం. ఏమన్నా తియ్యగా చెయ్యి, పండ్లు లేవు ఆమెకు, మెత్తగా ఉండల్ల." ఆమె రాగులు నానబెట్టి, రుబ్బి, పాలు పిండి, బెల్లం వేసి హల్వా కలిపింది.

ఇక్కడ సాయంత్రం దాకా చూశారు. అన్న రాలేదు. ఆదెన్న ఒక్కడే ముందు నిలబడి తల్లిని మట్టి చేసి వచ్చాడు.

మరుసటి మధ్యాహ్నం ఈరన్న క్యారియరు పట్టుకుని, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వచ్చాడు. వీధిలోంచే గట్టిగా, "ఏమమ్మా, ఈసారి ఎంత మందిని ఏడిపించినావు?" అంటూ గడప దాటాడు. మగ్గం గదిలో ఆమె పడుకునే చోట దీపం, దాని ముందు గ్లాసుడు నీళ్ళు ఉన్నాయి. ఆదెన్న తలెత్తి చూశాడు. ఈరన్న నవ్వు మొహం మీదే ఉండిపోయింది. దాన్ని ఎలా తీసేయాలో అతనికి తెలియలేదు.

"నిజమేనా రామాంజీ?" అన్నాడు.

"నిజమే బావా."

రామాంజినమ్మ అతని చేతిలోంచి క్యారియరు తీసుకుంది. దీపం ముందు ఒక ముక్క పెట్టి, మిగిలింది అందరికీ పంచింది. పళ్ళు లేని మనిషి కోసం చేసిన హల్వా కాబట్టి, నమలాల్సిన పని ఎవరికీ పడలేదు.